పింఛనులోనో జీతంలోనో రికవరీ మొదలైతే ఏం చేయాలి?

ఒకటో తారీఖున ఫోనుకు మెసేజ్ వస్తుంది. పింఛను ఎప్పటికంటే ఆరేడు వేలు తగ్గి ఉంటుంది. మనిషి మొదట బ్యాంకుకు వెళ్తాడు. వాళ్లు ట్రెజరీని అడగమంటారు. ట్రెజరీలో కంప్యూటర్ వైపు చూస్తూ "మీకు ఎక్సెస్ పేమెంట్ జరిగిందండీ, రికవరీ పెట్టారు" అంటారు. ఎంత, ఎందుకు, ఎప్పటి నుంచి అన్నదంతా నోటిమాటే. ఆ మాట విని తలవంచుకుని ఇంటికి వచ్చేసినవాళ్లను చాలామందిని చూశాను.

నేను ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యాను. రికవరీ బిల్లులు నా చేతుల మీదుగానూ వెళ్లాయి. కౌంటర్‌కు అవతల నిలబడ్డ మనిషి ఒక్క కాగితం అడిగి ఉంటే ఆగిపోయే రికవరీలు వాటిలో ఉన్నాయని నాకు తెలుసు. వాళ్లు అడగలేదు, మేం చెప్పలేదు. ఆ బరువు నా మీద ఉంది. అందుకే ఇప్పుడు ఎవరు వచ్చినా పక్కన కూర్చుని దరఖాస్తు రాసిపెడుతున్నాను. ఇక్కడ రాసేది కూడా అదే పని.

ఇది రెండు తెలుగు రాష్ట్రాల ఉద్యోగులకు, టీచర్లకు, పింఛనుదారులకు, ముఖ్యంగా భర్త పోయాక ఫ్యామిలీ పింఛను మీద బతికే ఆడవాళ్లకు. కేంద్ర ఉద్యోగులకూ చాలావరకు ఇదే దారి, తేడా ఉన్నచోట చెప్తాను. బ్యాంకు అప్పు కోసం కోర్టు డిక్రీ తెచ్చి జీతం జప్తు చేయించడం వేరే సంగతి. దానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఉంది. ఆ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పింఛనును అలాంటి అప్పులకు జప్తు చేయడానికి వీల్లేదు. కానీ శాఖ తానే ఎక్కువ ఇచ్చానంటూ తిరిగి కోసుకునేటప్పుడు ఆ రక్షణ పనికిరాదు. దాన్ని ఎదుర్కొనే పద్ధతి వేరు.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి

రికవరీ మెమోలో రెండు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, మీ జీతం లేదా పింఛను నిర్ణయించడంలో పొరపాటు జరిగింది కాబట్టి ఇకపై సరిచేస్తాం అనడం. రెండోది, ఇన్నాళ్లూ ఎక్కువగా ఇచ్చింది వెనక్కి తీసుకుంటాం అనడం. మొదటిది ప్రభుత్వం చేయవచ్చు. పొరపాటును ఎప్పటికీ కొనసాగించమని మనం పట్టుబట్టలేం. రెండోది చాలా సందర్భాల్లో చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది.

మనవాళ్లు చేసే తప్పల్లా మొదటిదాని మీద పోట్లాడి అలసిపోయి రెండోదాన్ని వదిలేయడం. "నాకు ఆ ఇంక్రిమెంట్ న్యాయంగానే వచ్చింది" అని ఏళ్ల తరబడి వాదిస్తారు, ఈలోగా నెలనెలా కోత పడుతూనే ఉంటుంది. ఇంక్రిమెంట్ తప్పే కావచ్చు. అయినా గడిచిన సొమ్ము వెనక్కి ఇవ్వక్కర్లేకపోవచ్చు. ఈ రెంటినీ విడదీసి రాసిన దరఖాస్తుకు బలం ఉంటుంది.

సిగ్గుపడకండి అని కూడా చెప్పాలి. "సర్కారు సొమ్ము తిన్నామా ఇన్నాళ్లూ?" అని ఒక పెద్దావిడ నా ముందు ఏడ్చింది. ఆవిడకు పింఛను ఎంత రావాలో ఆవిడ లెక్కకట్టలేదు. ఇచ్చింది తీసుకుంది. 1982 డిసెంబర్ 17న నకారా కేసు తీర్పులో సుప్రీంకోర్టు, పింఛను దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అంది. డిసెంబర్ 17ను పింఛనుదారుల దినంగా జరుపుకునేది అందుకే. 2013లో జార్ఖండ్ కేసులో అదే కోర్టు పింఛను ఆస్తి వంటిదని, చట్టం అండ లేకుండా తీసుకోవడానికి వీల్లేదని తేల్చింది. ఆఫీసులో మీరు నిలబడేది హక్కు ఉన్న మనిషిగా.

మొదటి అడుగు: ఎక్కడా సంతకం పెట్టకండి, ఆర్డర్ కాపీ అడగండి

ఆఫీసుకు వెళ్లగానే మంచిగా మాట్లాడుతూనే ఒక కాగితం ముందుకు తోస్తారు. "నాకు అధికంగా చెల్లించిన మొత్తాన్ని నెలసరి వాయిదాల్లో మినహాయించుకోవడానికి సమ్మతిస్తున్నాను" అని టైపు చేసి ఉంటుంది. కింద గీత గీసి సంతకానికి చోటు వదిలి ఉంటుంది. "ఫార్మాలిటీయేనండీ" అంటారు. అది ఫార్మాలిటీ కాదు. రేపు కోర్టుకు వెళ్తే శాఖ మొదట చూపించే కాగితం అదే. "ఇంటికి తీసుకెళ్లి చదివి, నా జవాబు రాతపూర్వకంగా ఇస్తాను" అని చెప్పి లేవండి. అంతకు మించి ఏమీ అనక్కర్లేదు, గొంతు పెంచక్కర్లేదు.

తర్వాత ఒకే ప్రశ్న: "ఏ ప్రొసీడింగ్స్ నంబరు, ఏ తేదీ ప్రకారం కోస్తున్నారు? దాని కాపీ ఇప్పించండి." రికవరీ దానంతట అది మొదలవదు. ఆడిట్ అభ్యంతరమో, ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసు ఉత్తరమో, పై అధికారి మెమోనో వెనకాల ఉంటుంది. మీకు నోటీసు ఇచ్చి, మీ జవాబు విని, తర్వాతే ఆ ఆర్డర్ ఇవ్వాలి.

దీనికి ఆధారం ఒక రైల్వే గార్డు కేసు. భగవాన్ శుక్లా వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, 1994. 1970లో 190 రూపాయలుగా నిర్ణయించిన ఆయన మూలవేతనాన్ని 1991లో, అంటే ఇరవై ఏళ్ల తర్వాత, 181 రూపాయలకు తగ్గించారు. వెనకటి తేదీ నుంచే తగ్గించారు, ఆయన్ని ఒక్క మాట అడగలేదు. తేడా తొమ్మిది రూపాయలే. అయినా మనిషికి నష్టం కలిగించే ఆర్డర్‌ను అతని మాట వినకుండా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు కొట్టేసింది. మీకు నోటీసు రాకుండానే కోత మొదలైతే దరఖాస్తులో మొదట రాయాల్సింది ఈ కేసు పేరే.

నోటీసు వచ్చి ఉంటే అందులో జవాబుకు గడువు ఉంటుంది, ఏడు రోజులో పదిహేను రోజులో. ఆ గడువు దాటనివ్వకండి. కాగితాలు అందలేదు కాబట్టి ఇంకొంత సమయం కావాలని గడువులోపలే రాసి ఇవ్వండి. రెండు వాక్యాల చీటీ చాలు, కానీ ఇవ్వాలి.

రెండో అడుగు: కాగితాలు

కావాల్సినవి ఇవి: ఆర్డర్, దానికి మూలమైన ఆడిట్ పేరా (ఆడిటర్లు రాసిన అభ్యంతరం), మూడో అడుగులో చెప్పబోయే డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంట్, సర్వీస్ రిజిస్టర్‌లో సంబంధించిన పేజీలు, ఆయా పీఆర్సీల (వేతన సవరణల) ఫిక్సేషన్ (జీతం నిర్ణయించిన) స్టేట్‌మెంట్లు, ఎక్కువ వస్తే తిరిగి కడతానని మీరు ఎప్పుడైనా అండర్‌టేకింగ్ (హామీపత్రం) ఇచ్చి ఉంటే దాని కాపీ. పింఛనుదారులకైతే పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) కూడా.

అడిగితే ఇస్తే సరే. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలస్థాయికి అయిదు రూపాయలు, ఆ పైవాటికి పది. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. దరఖాస్తులో "ఎందుకు రికవరీ చేస్తున్నారు?" అని అడగకండి. దానికి ఏదో ఒకటి రాసి పంపుతారు. "ఫలానా తేదీ ప్రొసీడింగ్స్ కాపీ, దానికి ఆధారమైన ఆడిట్ పేరా కాపీ, నా సర్వీస్ రిజిస్టర్ ధ్రువీకరించిన నకలు, రికవరీకి సంబంధించిన నోట్ ఫైలు నకలు" అని కాగితాల పేర్లతో అడగండి.

నోట్ ఫైలు, అంటే ఆఫీసువాళ్లు లోపల రాసుకున్న నోట్లు, తప్పకుండా అడగండి. ఈ పొరపాటు ఎవరు చేశారో, ఎప్పుడు బయటపడిందో, ఏ గుమస్తా ఏం రాశాడో అందులోనే ఉంటుంది. "ఫిక్సేషన్‌లో కార్యాలయ పొరపాటు జరిగినందున" అని ఎవరైనా రాసి ఉంటే ఆ ఒక్క వాక్యం మీకు పెద్ద అండ. తప్పు ఆఫీసుదే, మీది కాదు అని వాళ్ల చేతిరాతతోనే తేలుతుంది.

సర్వీస్ రిజిస్టర్ చదవడం చాలామందికి అలవాటు లేదు. కొన్ని ఎంట్రీల పక్కన ఎర్ర సిరాతో కొట్టివేత, దాని మీద కొత్త అంకె, పక్కన ఇనీషియల్ ఉంటాయి. ఆ ఇనీషియల్ కింద తేదీ ఉందా చూడండి. ఆ దిద్దుబాటు ఎప్పుడు జరిగిందో ఆ తేదీయే చెప్తుంది. తేదీ లేకపోతే ఆ మాట కూడా దరఖాస్తులో రాయండి.

మూడో అడుగు: లెక్క మీరే వేయండి

డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంట్ అంటే నెలనెలకూ రావాల్సింది ఒక గడిలో, తీసుకున్నది పక్క గడిలో, తేడా చివరి గడిలో రాసిన పట్టిక. ఇది తయారుచేసేది కూడా మనిషే, పొరపాట్లు ఉంటాయి. ఒక వారం కూర్చుని పాత పే స్లిప్పులతో పోల్చండి. పిల్లలకు అప్పజెప్పినా ఎక్సెల్‌లో రెండు సాయంత్రాల్లో అయిపోతుంది.

చూడాల్సిన చోట్లు కొన్ని చెప్తాను. ఒక టీచర్ కేసులో ఆవిడ ఆరు నెలలు జీతం లేని సెలవులో ఉన్నారు. పట్టికలో ఆ ఆరు నెలలకూ పూర్తి జీతం తీసుకున్నట్టు వేసి, నెలకు 1,900 చొప్పున 11,400 రూపాయలు రికవరీలో కలిపారు. ఆవిడ పైసా తీసుకోని నెలలవి. సర్వీస్ రిజిస్టర్‌లో సెలవు ఎంట్రీ చూపిస్తే తీసేశారు. చూపించకపోతే కట్టించుకునేవాళ్లే.

ఇంకోటి, నా దృష్టిలో అన్నింటికంటే పెద్దది. ఒక స్కేలో ఇంక్రిమెంటో ఆ తేదీకి ఇవ్వకూడదన్నది నిజమే కావచ్చు. కానీ తర్వాత ఒక తేదీకి మీకు ఆ అర్హత నిజంగానే వచ్చి ఉండవచ్చు. పదోన్నతి లేకుండా ఒకే పోస్టులో ఉన్నవాళ్లకు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్‌లో 6, 12, 18, 24 ఏళ్లకు పై స్కేళ్లు ఇస్తారు కదా. పన్నెండేళ్ల స్కేలుకు పదోన్నతికి కావాల్సిన అర్హతలు ఉండాలి. డిపార్ట్‌మెంటల్ టెస్టు పాసు కాకుండానే స్కేలు ఇచ్చారని ఆడిట్ పట్టుకుంటుంది, నిజమే. కానీ ఆ మనిషి రెండేళ్ల తర్వాత టెస్టు పాసైతే? అప్పటి నుంచి ఆ స్కేలు న్యాయంగా అతనిదే. రికవరీ చేస్తే ఆ రెండేళ్ల తేడాకే చేయాలి. పట్టిక వేసేటప్పుడు ఆ స్కేలును మొత్తంగా తీసేసి రిటైరయ్యే దాకా తేడా కడతారు. ఇలాంటిచోట లక్షలు వేలకు దిగుతాయి. మీ టెస్టు పాసైన గెజిట్ కాగితం, డిగ్రీ సర్టిఫికెట్ తేదీ వెతికి పట్టుకోండి.

నాలుగో అడుగు: మీరు ఏ రక్షణ కిందికి వస్తారో చూసుకోండి

ఇక్కడ తెలుసుకోవాల్సిన తీర్పు ఒక్కటే: స్టేట్ ఆఫ్ పంజాబ్ వర్సెస్ రఫీక్ మసీహ్. సుప్రీంకోర్టు 2014 డిసెంబర్ 18న ఇచ్చింది. తీర్పుల సంపుటిలో దాని గుర్తు (2015) 4 ఎస్‌సీసీ 334 అని రాస్తే ఏ లాయరైనా పుస్తకం తెరవకుండానే గుర్తుపడతాడు. పొరపాటున ఎక్కువ చెల్లించినా, ఈ అయిదు సందర్భాల్లో వెనక్కి తీసుకోవడం చట్టరీత్యా చెల్లదని అందులో చెప్పారు.

క్లాస్ 3, క్లాస్ 4 ఉద్యోగుల నుంచి, అంటే గ్రూప్ సి, గ్రూప్ డి వాళ్ల నుంచి. రిటైరైనవాళ్ల నుంచి, లేదా రికవరీ ఆర్డర్ నాటికి ఏడాదిలోపు రిటైరయ్యేవాళ్ల నుంచి. ఆర్డర్‌కు ముందు అయిదేళ్లకు మించిన కాలం పాటు అధిక చెల్లింపు జరిగి ఉన్నప్పుడు. నిజానికి కింది పోస్టులో ఉండాల్సిన మనిషి చేత పై పోస్టు పని చేయించి, దానికి తగ్గ జీతం ఇచ్చినప్పుడు. చివరిది, ఇంకే సందర్భమైనా సరే, వసూలు చేయడం ఉద్యోగికి మరీ అన్యాయంగా, కఠినంగా ఉండి, ప్రభుత్వానికి ఉన్న వసూలు హక్కును మించిపోతుందని కోర్టు అనుకున్నప్పుడు.

ఒకటి సరిపోయినా చాలు. రెండు మూడు సరిపోతే అన్నీ రాయండి. రిటైరైన జూనియర్ అసిస్టెంట్‌కు పదేళ్లనాటి పొరపాటు మీద రికవరీ పెట్టారనుకోండి, మొదటి మూడూ అతనికి వర్తిస్తాయి.

ఈ సూత్రం 2014లో కొత్తగా పుట్టలేదు. 1994లో శ్యాంబాబు వర్మ, 1995లో సాహిబ్ రామ్ కేసుల నుంచీ నడుస్తోంది. 2022 మే 2న కేరళకు చెందిన థామస్ డేనియల్ అనే టీచర్ కేసులో మళ్లీ చెప్పారు. ఆయన 1999లో రిటైరయ్యారు. ఉద్యోగి మోసం చేయనప్పుడు, తప్పుడు వివరాలు ఇవ్వనప్పుడు, పొరపాటు యజమానిదే అయినప్పుడు, అంతకాలం తర్వాత వసూలు చేయకూడదన్నారు. కేంద్ర ఉద్యోగులకైతే రఫీక్ మసీహ్ తీర్పును పాటించమంటూ కేంద్ర సిబ్బంది శాఖ (డీఓపీటీ) 2016 మార్చి 2న ఆఫీసు మెమొరాండం కూడా ఇచ్చింది. దాని తేదీ మీ దరఖాస్తులో వేయండి.

ఇప్పుడు మీకు ఇష్టంలేని మాట కూడా చెప్పాలి. రెండు సందర్భాల్లో ఈ రక్షణ నిలబడదు. మోసం చేసి ఉంటే, అంటే తప్పుడు సర్టిఫికెట్ పెట్టడం, పెళ్లయిన సంగతి దాచి ఫ్యామిలీ పింఛను తీసుకోవడం లాంటివి, కోర్టు జాలిపడదు. రెండోది అండర్‌టేకింగ్. 2016 జూలై 29న హర్యానాకు చెందిన జగదేవ్ సింగ్ అనే జడ్జి కేసులో, కొత్త స్కేలు తీసుకునేటప్పుడే "ఎక్కువ వచ్చిందని తేలితే తిరిగి కడతాను" అని రాసిచ్చిన మనిషి రిటైరైనా కట్టాల్సిందేనన్నారు. అయితే ఒక్కసారిగా కాకుండా రెండేళ్ల నెలసరి వాయిదాల్లో తీసుకోమన్నారు.

పీఆర్సీ వచ్చినప్పుడల్లా ఆప్షన్ ఫారంతో పాటు అండర్‌టేకింగ్ కాగితం మీద సంతకాలు పెట్టించుకోవడం మామూలే. మీరు పెట్టి ఉండవచ్చు, గుర్తుండదు. అందుకే దాని కాపీ అడగమన్నది. దొరికితే తేదీ చూడండి, ఏ పీఆర్సీకి ఇచ్చారో చూడండి. 2010 పీఆర్సీ ఫిక్సేషన్‌కు ఇచ్చిన అండర్‌టేకింగ్ పట్టుకుని 1998 నాటి ఇంక్రిమెంట్ పొరపాటును వసూలు చేయబోతే, దానికీ దీనికీ సంబంధం లేదని వాదించే దారి ఉంది. రికవరీ మొదలయ్యాక బలవంతాన తీసుకున్న కాగితం కూడా జగదేవ్ సింగ్ కేసులోని అండర్‌టేకింగ్ లాంటిది కాదు. ఈ వాదన లాయరు చేత చేయించండి.

అయిదో అడుగు: రిప్రజెంటేషన్ (రాతపూర్వక విన్నపం)

ఇంగ్లీషులోనే రాయాలన్న భయం వద్దు, తెలుగులో రాయొచ్చు. ఒకటిన్నర పేజీ దాటనివ్వకండి. ఆర్డర్ ఇచ్చిన అధికారి పేరున రాయండి. కాపీ డీడీఓకు (జీతం బిల్లులు పెట్టే అధికారికి), ట్రెజరీ అధికారికి పంపండి. నేను రాసిపెట్టేది ఇంచుమించు ఇలా ఉంటుంది:

"తమరు ఫలానా తేదీన ఇచ్చిన ఫలానా నంబరు ప్రొసీడింగ్స్ ప్రకారం నా పింఛను నుంచి నెలకు ఇంత చొప్పున రికవరీ చేస్తున్నారు. దీనికి ముందు నాకు ఎలాంటి నోటీసు ఇవ్వలేదు, నా వివరణ అడగలేదు. నేను ఫలానా తేదీన ఫలానా పోస్టు నుంచి రిటైరయ్యాను. అధికంగా చెల్లించారని చెప్తున్న కాలం ఫలానా సంవత్సరం నుంచి మొదలవుతుంది. ఆ వేతన నిర్ణయంలో నా ప్రమేయం లేదు. నేను ఎలాంటి తప్పుడు సమాచారమూ ఇవ్వలేదు. కాబట్టి రఫీక్ మసీహ్ కేసులో గౌరవ సుప్రీంకోర్టు చెప్పిన ఫలానా, ఫలానా సందర్భాలు నాకు వర్తిస్తాయి. భగవాన్ శుక్లా కేసు ప్రకారం నోటీసు లేని రికవరీ చెల్లదు. పైగా డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంట్‌లో ఈ కింది పొరపాట్లు ఉన్నాయి. వేతన నిర్ణయం సరిచేయడంపై నా హక్కులను వదులుకోకుండా, రికవరీని వెంటనే నిలిపివేసి, ఇప్పటిదాకా మినహాయించిన ఇంత మొత్తాన్ని తిరిగి చెల్లించవలసిందిగా కోరుతున్నాను."

"హక్కులను వదులుకోకుండా" అన్న మాట తీసేయకండి. రికవరీ ఆపమన్నంత మాత్రాన ఫిక్సేషన్ తప్పని మీరు ఒప్పుకున్నట్టు కాకుండా ఆ మాట కాపాడుతుంది.

ఆఫీసు ఇన్‌వార్డ్‌లో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. "సెక్షన్‌లో ఇచ్చేయండి, చూసుకుంటాం" అంటే ఇవ్వకండి. ముద్ర వేయకపోతే పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్ట్ చేసి, రసీదును కాపీకి పిన్ను కొట్టి దాచండి. నెలరోజుల తర్వాత ఒక రిమైండర్ ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్‌ఎస్ అనే ఫిర్యాదుల కార్యక్రమాలు ఉంటాయి. అక్కడ ఫైలు కదిలించడానికి దరఖాస్తు పెట్టొచ్చు, తీర్పు మాత్రం అక్కడ దొరకదు. కేంద్ర పింఛనుదారులు సీపెన్‌గ్రామ్స్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

ఆరో అడుగు: జవాబు రాకపోతే కోర్టు

మూడు నెలలు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే ఇంకా ఆగకండి. ఉద్యోగుల కేసులు చూసే మన రాష్ట్రాల అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునళ్లు రద్దయ్యాయి. కాబట్టి రాష్ట్ర ఉద్యోగులు నేరుగా హైకోర్టులో రిట్ వేయాలి. తెలంగాణవాళ్లకు హైదరాబాద్, ఆంధ్రవాళ్లకు అమరావతి. కేంద్ర ఉద్యోగులకు హైదరాబాద్‌లోని క్యాట్ (సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్) బెంచి ఉంది. అక్కడ చివరి ఆర్డర్ నుంచి ఏడాదిలోపు వేయాలి, ఆలస్యమైతే కారణం చూపించాలి. రిట్‌కు అలాంటి గీత లేదు గానీ, ఏళ్ల తరబడి ఊరుకుంటే ఇన్నాళ్లూ ఏం చేశారని కోర్టు అడుగుతుంది.

రిట్ వేసేటప్పుడే, కేసు తేలేదాకా రికవరీ ఆపమని మధ్యంతర ఉత్తర్వు అడగాలని లాయరుకు గుర్తుచేయండి. పింఛనుదారుల కేసుల్లో అసలు ఊరట అదే.

ఫీజుకు భయపడి ఆగిపోయేవాళ్లకు: ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. హైకోర్టు కేసులకు అక్కడే వేరే కమిటీ ఉంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. ఫ్యామిలీ పింఛను తీసుకునే అమ్మలు ఎవరైనా ఈ సాయానికి అర్హులే. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు, మీరు చెప్పండి.

ఫ్యామిలీ పింఛనుకు వచ్చే చిక్కు

వీళ్లకు వచ్చే రికవరీల్లో నేను ఎక్కువగా చూసింది ఒకటే. ఉద్యోగి పోయాక కొన్నేళ్లపాటు ఫ్యామిలీ పింఛను పెంచిన రేటులో ఇస్తారు, తర్వాత మామూలు రేటుకు తగ్గించాలి. ఏ తేదీ దాకా పెంచిన రేటో పీపీఓలో రాసే ఉంటుంది. ఆ తేదీన తగ్గించడం ఆఫీసు మర్చిపోతుంది. ఆరేళ్లో ఎనిమిదేళ్లో గడిచాక ఎవరో పట్టుకుంటారు. అప్పటికి అది నాలుగైదు లక్షలు అవుతుంది.

కాబట్టి మీ అమ్మగారి పీపీఓ ఈరోజే బయటికి తీయండి. ఆ తేదీ చూసి గోడ క్యాలెండర్ మీద రాయండి. తేదీ దాటినా పింఛను తగ్గకపోతే మీరే ట్రెజరీకి రాతపూర్వకంగా చెప్పండి. నెలకు కొన్ని వేలు ముందే తగ్గుతాయి, నిజమే. కానీ డెబ్బై అయిదేళ్ల వయసులో లక్షల మెమో రాకుండా ఉంటుంది. ఒకవేళ ఇప్పటికే మెమో వచ్చి ఉంటే పైన చెప్పిన అడుగులే. పీపీఓలో తేదీ స్పష్టంగా ఉండగా ఆఫీసే గమనించలేదన్నది మీ ప్రధాన వాదన అవుతుంది.

ఆసరా లాంటి సామాజిక పింఛన్లకూ ఈ బెడద ఉంది. 2024లో తెలంగాణలో ఫ్యామిలీ పింఛను వస్తూ ఆసరా కూడా తీసుకున్నారంటూ నోటీసులు ఇచ్చారు. మంచం పట్టిన ఒక ముసలావిడను 1.72 లక్షలు తిరిగి కట్టమన్నారు. గొడవ అయ్యాక ఆ నోటీసులు ఆపమని ప్రభుత్వమే చెప్పింది. ఇంట్లో ఎవరికైనా రెండు పింఛన్లూ వస్తుంటే ఒకటి వదులుకుంటున్నట్టు ఎంపీడీఓ ఆఫీసులో ఇప్పుడే రాసివ్వండి.

నిజంగానే కట్టాల్సి వస్తే

కొందరికి వాదన నిలబడదు. అండర్‌టేకింగ్ స్పష్టంగా ఉంటుంది, సర్వీసు ఇంకా పదేళ్లు ఉంటుంది, పొరపాటు రెండేళ్లనాటిదే అయి ఉంటుంది. అప్పుడు పోట్లాట కంటే బేరం మంచిది. ఒక్కసారిగా కోయొద్దని, ఇన్ని వాయిదాలు ఇవ్వమని రాయండి. ఇంటి అద్దె, మందులు, పిల్లల ఫీజులు, బ్యాంకు ఈఎంఐ అంకెలతో సహా చూపించండి. జగదేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే రెండేళ్ల వాయిదాలు ఇచ్చిందని గుర్తుచేయండి. వడ్డీ వేసి ఉంటే, తప్పు మీది కానప్పుడు వడ్డీ తీసేయమని విడిగా అడగండి.

వాయిదాలు మొదలయ్యాక చివరి వాయిదా ఏ నెలతో అయిపోతుందో ఒక కాగితం మీద రాసి పే స్లిప్పుల ఫైలులో పెట్టుకోండి. మొత్తం తీరిపోయాక కూడా ఇంకో రెండు నెలలు కోత పడిన సంగతులు నాకు తెలుసు. తీరిన నెలలోనే "రికవరీ పూర్తయింది" అని ప్రొసీడింగ్స్ అడిగి సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీ వేయించండి. అది లేకపోతే రిటైరయ్యేనాడు నో డ్యూ సర్టిఫికెట్ దగ్గర మళ్లీ మొదటికొచ్చి గ్రాట్యుటీ ఆగుతుంది.

ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లు రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందే సర్వీస్ రిజిస్టర్ తెప్పించుకుని ఫిక్సేషన్లన్నీ ఒకసారి తెలిసినవాళ్లకు చూపించుకోండి. పింఛను ప్రతిపాదనలు పంపేటప్పుడే పాత పొరపాట్లు బయటపడతాయి, అప్పుడు చేతిలో సమయం ఉండదు.

కేసు గెలిచినవాళ్లకు చివరిగా ఒక పని మిగిలి ఉంటుంది. కోర్టు ఉత్తర్వు కాపీతో పాటు, అప్పటిదాకా కోసిన ప్రతి నెల మొత్తాన్నీ పట్టికగా రాసి ఆర్డర్ ఇచ్చిన ఆఫీసులో, ట్రెజరీలో రెండు చోట్లా ఇవ్వండి. కోత ఆపడం వరకు వాళ్లు చేస్తారు, కోసింది వెనక్కి ఇవ్వడం అడిగితేనే జరుగుతుంది.